ఏడో పాఠం నుంచి ఇరవై రెండో పాఠం దాకా

రికార్డింగ్ గది,
జూన్ 12

పిడుగుకి,

ఫోన్ చేస్తే నన్ను పిలవడం లేదని మీ బావ మీద విరుచుకుపడ్డావట. ఆయన్నేమీ అనకు, పిలవద్దని చెప్పింది నేనే. ఇక మీదట నీతో ఫోన్‌లో మాట్లాడను. కోపం వచ్చి కాదు. విషయం చెప్తాను, కూర్చుని చదువు.

నా గొంతులో ఉన్నది బొంగురు కాదు, గడ్డ. మంచి గడ్డ కాదు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నాడు డాక్టరు. ఆగస్టు ఎనిమిదిన ఆపరేషన్. ఆ తర్వాత ప్రాణం ఉంటుంది, మాట ఉండదు. ఆ తేదీ దాటితే రెండూ ఉండవని మొహం మీదే చెప్పాడు. అప్పటిదాకా రోజుకి ఒక గంట మించి నోరు విప్పకూడదట. పుట్టినప్పటి నుంచి నోరు మూయని దాన్ని పట్టుకుని రోజుకి ఒక గంట అంటాడేమిటని అక్కడ నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది.

ఆ గంట ఎవరికివ్వాలా అని ఆలోచించాను. నీకివ్వచ్చు, మీ బావకివ్వచ్చు. కానీ నా బల్ల మీద ఒక పుస్తకం ఉంది. మా లైబ్రరీ పక్కనే చూపులేని వాళ్ళకి ఫిజియోథెరపీ నేర్పే బడి ఉందని నీకు తెలుసు. వాళ్ళు వినడానికి చదివి రికార్డు చెయ్యాల్సిన మొదటి ఏడాది పుస్తకం అది. ఎముకలు, కీళ్ళు, కండరాలు. ముప్పై ఒక్క పాఠాలు, అందులో పద్దెనిమిది పాఠాల నిండా బొమ్మలే. అక్షరాలు ఎవరైనా చదువుతారు. బొమ్మ చదివేది ఇక్కడ నేనొక్కదాన్నే. పంతొమ్మిదేళ్ళుగా నా కూడు అదే. 'బొమ్మలో చూపినట్లు' అని చదివేసి ముందుకుపోతే వినేవాడికి ఏం ఒరుగుతుంది? నేను ఎడమ చేత్తో నా భుజమే తడుముకుంటూ, మెడ పక్క నుంచి వేలు జరుపుకుంటూ రండి, గట్టిగా ఒక గట్టు తగులుతుంది, దాని చివర ఆగండి, అని చెప్తాను. వాళ్ళు వింటూ వాళ్ళ భుజం తడుముకుంటారు. ముందే రాసుకుని చదివేది కాదు ఇది. చెయ్యి కదిలితే నోటికి మాట వస్తుంది, అంతే.

లెక్క వేశాను. బొమ్మల పాఠానికి రెండు గంటలు, ఉత్త పాఠానికి ఒకటి. ఆదివారాలు తీసేస్తే సరిగ్గా నలభై తొమ్మిది గంటలు. నా దగ్గర ఉన్నవీ అన్నే.

ఇక నువ్వు రాసిచ్చిన రికార్డింగ్ ప్రోగ్రాం సంగతి. పాఠం రెండు రోజులు పట్టినా మిషను ఆపకుండా ఉంచి, పూర్తయ్యాకే సేవ్ చేస్తాను. పాఠం అయ్యాక సేవ్ నొక్కగానే ఫైలు పేరు అడిగే విండో ఒకటి వచ్చి, అలిగిన ఆడపడుచులా మధ్యలో కూర్చుంటుంది. దానికి జవాబు చెప్పేదాకా వెనక ఏదీ కదలదు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఫైలు పేరులో ఈ పాఠం నంబరుతో పాటు తర్వాతి పాఠానికి లైబ్రరీ వేసిన నంబరు కూడా ఉండాలి. సీడీలు కాపీ చేసే గుమాస్తా ఒకసారి ఒక నవల వరస తారుమారు చేశాడు. మూడో అధ్యాయంలో పోయిన మామగారు ఐదో అధ్యాయంలో లేచి కాఫీ అడిగాడు. అప్పటి నుంచి ఈ పద్ధతి. ఆ తర్వాతి నంబరు తర్వాతి పాఠం తెరిస్తే గానీ కనబడదు. ఈ విండో తెరవనివ్వదు. సేవ్ చెయ్యకుండా తెరవబోతే, 'సేవ్ చెయ్యలేదు, వదిలెయ్యమంటారా?' అని ఇంకో బెదిరింపు. ముందే కాగితం మీద రాసుకోవచ్చు కదా అంటావు. రాసుకుంటూనే ఉన్నాను. ఒక చెయ్యి పుస్తకం మీద, ఒక చెయ్యి భుజం మీద ఉండేవాళ్ళ దగ్గర కాగితాలు నిలవవు.

ఆ విండో ఉండగానే వెనక పాఠం తిప్పుకునేలా చేసిపెట్టు. నిన్ను ఇదొక్కటే అడుగుతున్నాను.

అక్క

ఆఫీసు, నాలుగో అంతస్తు,
జూన్ 16

అక్కకి,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇంకో డాక్టరుకి చూపించు అక్కా. ఈయనే దేవుడా? బావకి కూడా రాశాను. ఇద్దరికి చూపించాకే ఈయన దగ్గరికి వచ్చామని ఆయన జవాబు రాశారు. అయినా అడుగుతున్నాను. అడగడం తప్ప నేను చెయ్యగలిగింది కనబడడం లేదు.

ఒక్కటే కనబడింది, అది చేసేశాను. కొత్త ప్రోగ్రాం సీడీ ఈ కవరులోనే ఉంది.

కానీ ఒక మాట చెప్పాలి. ఆ విండో అలా కూర్చోవడం పొరపాటున జరిగింది కాదు. కావాలనే కూర్చోబెట్టాను. అలాంటిదాన్ని మా వాళ్ళు మోడల్ విండో అంటారు. అది తెరుచుకుంటే దాని ప్రశ్నకి జవాబు వచ్చేదాకా వెనక ప్రోగ్రాం అంతా కట్టేసినట్టు ఉంటుంది. నాకు పని నేర్పిన పెద్దాయన ఈ విషయంలో మహా చాదస్తుడు. మొదటి వారమే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఫైలు ఏదో తేలేదాకా వెనక ఒక్క అక్షరం కూడా కదలకూడదు. కదిలిందా, వాడు ఒకటి సేవ్ చేశాననుకుంటాడు, అక్కడ ఇంకొకటి అవుతుంది. ఎవరూ అరవరు, ఏదీ పేలదు. అందుకే అది ప్రమాదం." ఫైలు అడిగే ఏ విండో అయినా మోడల్‌గా లేకపోతే ఆయన మా కోడు చదవడమే మానేసేవాడు.

ఆయన రిటైరైపోయాడు. మా అక్క అడిగింది. తాళం తీసేశాను. నిజానికి ఒక్క మాట మార్చడమే. ఆ విండో తెరిచి ఉండగా నువ్వు తర్వాతి పాఠం చూసినప్పుడు, వదిలెయ్యమంటారా అనే ఆ బెదిరింపు కూడా రాకుండా చేశాను. ఎలాగూ సేవ్ చేస్తూనే ఉంటావు కదా, మళ్ళీ అడగడం దేనికి? భోజనం మానేసి ఆ గంటలోనే పరీక్షించాను కూడా. విండో తెరుచుకుంది, వెనక పాఠం తిరిగింది, ఫైలు సేవ్ అయ్యింది.

నీ గంటల్లో ఒక్క నిమిషం కూడా నా ప్రోగ్రాం తినకూడదు. ఎలా ఉందో రాయి.

పిడుగు

రికార్డింగ్ గది,
జూలై 18

పిడుగుకి,

బంగారంలా ఉందిరా. సేవ్ నొక్కడం, విండో రావడం, వెనక పాఠం తిప్పి నంబరు చూడడం, పేరు కొట్టడం, సరే నొక్కడం. కళ్ళు మూసుకుని చేసేస్తున్నాను. ఇన్నాళ్ళూ ఆ పెద్దాయన చాదస్తానికి నేను శిస్తు కట్టానన్నమాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చలో ఏం గెలిచావో గానీ ఇంట్లో మాత్రం గెలిచావు.

పద్దెనిమిది పాఠాలయ్యాయి. నిన్న మోకాలు పూర్తిచేశాను. మోకాలి చిప్ప బొమ్మ దగ్గర రెండు రోజులుగా తంటాలు పడుతున్నాను. చివరికి చెప్పు విప్పేసి, కాలు బల్ల మీద పెట్టుకుని, చిప్పని అటూ ఇటూ జరుపుతూ చెప్తుంటే మాట దానంతట అదే వచ్చింది. ఆ సమయంలో లైబ్రేరియన్ తలుపు తీసి, నన్ను చూసి, మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ పుస్తకం కోసం ఎదురుచూస్తున్న వాళ్ళు నలభై మంది. అందులో ఒకాయన పద్దెనిమిదేళ్ళు బస్సు నడిపి, జబ్బు చేసి, చూపు పోగొట్టుకున్నాడు. రోజూ వచ్చి వరండా బెంచీ మీద కూర్చుని ఎన్నో పాఠం అయ్యిందని అడుగుతాడు. నలభై దాటాక చూపు పోతే చుక్కల లిపి వేళ్ళకి ఎక్కదు. ఎముకయితే దొరుకుతుంది గానీ చుక్క దొరకదమ్మా అంటాడు. ఆయనకి చెవే కన్ను. డిసెంబరు పరీక్ష ఆయనకి ఆఖరిసారి, తప్పితే బడిలో ఉంచుకోరు. నేను మాట్లాడకూడదు కాబట్టి బెంచీ మీద గోటితో కొడతాను, ఆయన లెక్కపెట్టుకుంటాడు. నిన్న పద్దెనిమిది కొట్టేసరికి గోరు నొప్పి పుట్టింది.

గొంతు తగ్గుతోంది. పాఠం చివరికొచ్చేసరికి ఇసుక రుద్దినట్టు ఉంటుంది. అందుకే చేసింది వెనక్కి పెట్టి వినడం లేదు. వింటే భయమేస్తుంది, భయమేస్తే మర్నాడు నోరు రాదు. పుస్తకమంతా అయ్యాకే గుమాస్తా వింటాడు. మొదటి పాఠం మాత్రం ముందే విని బాగుందన్నాడు, అది చాలు.

ఇప్పటిదాకా చేసినవి ఒక సీడీలోకి కాపీ చేసి నీకు పంపుతున్నాను. భద్రంగా దాచు. నా గొంతు వినాలనిపిస్తే వినుకో, ఫోన్ చెయ్యలేదని ఏడవకు.

అక్క

నా గది,
జూలై 24
(పోస్టు చెయ్యలేదు)

అక్కకి,

ఈ ఉత్తరం నీకు పంపుతానో లేదో తెలియకుండానే మొదలుపెడుతున్నాను.

మొన్న నీ సీడీ వచ్చింది. ఆఫీసు నుంచి రాగానే బట్టలు కూడా మార్చుకోకుండా పెట్టాను. మొదటి ఆరు పాఠాలు విన్నాను. నీ గొంతు విని చాలా రోజులైంది, కాసేపు పాఠం పట్టించుకోకుండా గొంతే విన్నాను. ఏడో పాఠం పెట్టాను. ఏమీ లేదు. స్పీకరు పాడైందనుకున్నాను. ఎనిమిది, ఏమీ లేదు. పద్దెనిమిది దాకా ఏమీ లేదు. ఫైళ్ళున్నాయి, పేర్లున్నాయి, నంబర్లు ఒక్కటి కూడా తప్పకుండా ఉన్నాయి. లోపల ఉత్త ఖాళీ.

ఏం జరిగిందో తెలుసుకోవడానికి పది నిమిషాలు పట్టింది. ఆ విండోలో సరే నొక్కినప్పుడు ప్రోగ్రాం ఏ పాఠం ముందుంటే దాన్ని సేవ్ చేస్తుంది. నువ్వు నంబరు కోసం తర్వాతి పాఠానికి తిప్పావు. అప్పుడు ముందున్నది ఇంకా చదవని పాఠం. ఆ ఖాళీనే నువ్వు పెట్టిన పేరుతో సేవ్ చేసింది. చదివిన పాఠం వదిలేసినట్టు లెక్క. వదిలెయ్యమంటారా అని అడిగేది ఒకటుండేది, దాన్ని నేనే తీసేశాను.

ఆ రోజు పరీక్షించానని రాశాను కదా, ఎలా పరీక్షించానో చెప్పనా? చదివేదెవరు అని ఖాళీ పాఠంతోనే చేశాను. ఖాళీ పాఠం పెట్టాను, ఖాళీ పాఠం సేవ్ అయ్యింది, అంతా సరిగ్గా ఉందనుకున్నాను.

ఇప్పుడు నీకు ఇంకా పదిహేను రోజులు. చెప్తే ఏం చేస్తావో నాకు తెలుసు. ఆపరేషన్ నెల రోజులు వెనక్కి జరపమంటావు. బావ కాళ్ళు పట్టుకున్నా వినవు. నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆ తేదీ దాటితే ప్రాణం కూడా ఉండదని రాసింది నువ్వే. పుస్తకం పోయింది, పోనీ. నువ్వు పోకూడదు. నేను చెప్పకపోతే నువ్వు నిశ్చింతగా ఎనిమిదో తారీఖున ఆ బల్ల ఎక్కుతావు.

నా చేత్తో నీ గొంతు తీసేశాను అక్కా. డాక్టరు కంటే ముందు నేనే తీసేశాను.

పిడుగు

ఆఫీసు, నాలుగో అంతస్తు,
జూలై 25

అక్కకి,

సీడీ అందింది. దాచాను.

దీనితో ఇంకో సీడీ పంపుతున్నాను. ప్రోగ్రాంలో చిన్న మార్పు. అందిన వెంటనే, ఇంకో పాఠం సేవ్ చెయ్యకముందే ఇది వేసుకో. ఆ ఫైలు విండో మళ్ళీ పాతలాగే పనిచేస్తుంది, వెనక ఏదీ కదలదు. కాస్త ఇబ్బందే, సర్దుకో. తర్వాతి నంబర్లన్నీ పెద్ద అట్ట మీద రాయించి గోడకి అంటించమని గుమాస్తాకి చెప్పు.

మందులు మానకు.

పిడుగు

రికార్డింగ్ గది,
జూలై 30

పిడుగుకి,

ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం చిన్నప్పటి నుంచీ నీకు అలవాటే. ఇరవై రెండో పాఠం అయిన మర్నాడు నీ సీడీ వచ్చింది. నువ్వు అంతలా చెప్పావని వేసుకున్నాను. ఆడపడుచు మళ్ళీ వచ్చి మధ్యలో కూర్చుంది. గోడకి అట్ట కూడా వెలిసింది.

ఎందుకు మార్చావో మాత్రం రాయలేదు. నీ ఉత్తరం తొమ్మిది వాక్యాలు. నువ్వు తొమ్మిది వాక్యాల మనిషివి కాదు. ఏదో దాస్తున్నావు. ప్రోగ్రాంలో తప్పేమైనా దొరికిందా? ఇప్పటిదాకా చేసినవన్నీ ఉన్నాయి కదా? నీ దగ్గర సీడీ ఉంది, విని ఒక్క ముక్క రాయి. నేను వినగలిగితే నిన్ను అడిగేదాన్ని కాదు.

బొమ్మల పాఠాలు ఇవాళ్టితో అయిపోయాయి. ఇక ఏడు ఉత్త పాఠాలు. గది శుభ్రత, రోగితో మర్యాద, తువ్వాళ్ళు ఉతికే విధానం. ఇవి ఎవరైనా చదవచ్చు, కొత్తగా వచ్చిన అమ్మాయి అడిగింది కూడా. అయినా పుస్తకమంతా ఒకే గొంతులో ఉంటే వినేవాళ్ళకి బాగుంటుందని నేనే చదువుతున్నాను. ఇన్నాళ్ళూ అవసరానికి చదివాను, ఈ వారం సరదాకి.

నాకు భయంగా ఉంది. మీ బావ ముందు చూపించను. నీకే రాస్తున్నాను.

అక్క

ఆఫీసు, నాలుగో అంతస్తు,
ఆగస్టు 2

అక్కకి,

అన్నీ ఉన్నాయి. ప్రతి పాఠమూ విన్నాను. నీ గొంతు బాగుంది, ఇసుక రుద్దినట్టేమీ లేదు. ముందు ముందు ఎప్పుడైనా ఇబ్బంది రావచ్చని మార్చాను, అంతకంటే ఏమీ లేదు.

ఎనిమిదో తారీఖు పొద్దున్నే వచ్చి ఆపరేషన్ గది గుమ్మం దగ్గర ఉంటాను. భయపడకు.

పిడుగు

ఆస్పత్రి, కిటికీ పక్క మంచం,
ఆగస్టు 21

పిడుగుకి,

మీ బావ పలకా బలపం తెచ్చారు. రాస్తున్నాను, చెరుపుతున్నాను. నర్సుకి నా చేతిరాత అర్థం కాదు. మంచినీళ్ళు అని రాస్తే మందుసీసా తెచ్చింది. నవ్వాను. నవ్వు కూడా బయటికి రాలేదు, మెడలో పెట్టిన రంధ్రంలోంచి గాలి వచ్చింది.

ఇక్కడున్న ఆ నాలుగు రోజులూ నువ్వు నా మొహం చూడకుండా నేల చూస్తూ కూర్చున్నావు. నన్నిలా చూడలేకపోతున్నావు కాబోలనుకున్నాను. అంత బాధపడకు. ఏడో తారీఖు సాయంత్రం నాలుగింటికి ముప్పై ఒకటో పాఠం అయిపోయింది. వరండాలోకి వచ్చి బస్సాయనకి ముప్పై ఒక్కసార్లు కొట్టాను. ఆయన లేచి నిలబడ్డాడు. మాట పోయిందని ఏడుపొస్తుంది, రోజూ వస్తుంది. కానీ ఎక్కడికి పోయింది అని అడిగితే చూపించడానికి నా దగ్గర ఒక పుస్తకం ఉంది. అంతమాత్రం కూడా లేనివాళ్ళు ఈ వార్డులో చాలామంది ఉన్నారు.

అక్క

ఇల్లు,
సెప్టెంబరు 12

పిడుగుకి,

గుమాస్తా వచ్చాడు. అరగంటసేపు కూర్చుని కాఫీ తాగి, ఎండల గురించి మాట్లాడి, లేచేముందు చెప్పాడు. ఏడో పాఠం నుంచి ఇరవై రెండో పాఠం దాకా ఫైళ్ళలో ఏమీ లేదట. తన చెవులో, మిషనో పాడయ్యాయనుకుని ముగ్గురి చేత వినిపించాడట.

పోయిన నెల నువ్వే అతనికి రాసి, నా కంప్యూటరులో డిస్కు తెప్పించుకున్నావని కూడా చెప్పాడు. దేనికో తనకి తెలియదట.

అన్నీ విన్నానని ఆగస్టు రెండున నువ్వు రాసిన ఉత్తరం నా ముందుంది. నీకు తెలుసా, తెలియదా? అదొక్కటే రాయి.

అక్క

నా గది,
సెప్టెంబరు 17

అక్కకి,

తెలుసు. జూలై ఇరవై రెండు నుంచి తెలుసు.

ఆ వారం నీకు ఒక ఉత్తరం రాసి పోస్టు చెయ్యలేదు. దీనితో పంపుతున్నాను. ఎలా జరిగిందో, ఎందుకు చెప్పలేదో అందులో ఉంది, మళ్ళీ రాసే ధైర్యం లేదు. డిస్కు మీద వెతికాను, వేరేవాళ్ళ చేత కూడా వెతికించాను. ఆ పాఠాలు డిస్కు మీదికి ఎప్పుడూ రాలేదు. తుడిచేసినవైతే ఎక్కడో జాడ ఉంటుంది. రాయనే రాయనివాటికి జాడ ఉండదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, తెలుసు. పెద్దాయన ఇంటికి కూడా వెళ్ళాను. ఖాళీ పాఠంతో పరీక్షించానని చెప్పాను. తిడతాడనుకున్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుని, తన భార్యని పిలిచి నాకు కాఫీ ఇమ్మన్నాడు.

అక్కా, నీ పుస్తకమా నువ్వా అంటే నువ్వే కావాలనుకున్నాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది. ఉద్యోగం మానేసి వస్తాను. నువ్వు రాసిపెట్టు, నేను చదువుతాను. ఏం చెయ్యమంటే అది చేస్తాను. తిట్టయినా రాయి, ఊరుకోకు.

పిడుగు

ఇల్లు,
అక్టోబరు 9

పిడుగుకి,

రెండు ఉత్తరాలూ అందాయి. జవాబు రాయడానికి మూడు వారాలు పట్టింది. నాలుగుసార్లు రాసి చింపేశాను.

ప్రోగ్రాం విషయంలో నిన్ను ఏమీ అనను. ఆ విండోని కదిలించమని వెంటపడ్డది నేను. నువ్వు ఖాళీ పాఠంతో చూశావు, నేను వెనక్కి పెట్టి వినలేదు. తప్పు చెరిసగం. దాని మీద ఏడుపు ఉంది గానీ కోపం లేదు.

కోపం ఇంకొకదాని మీద. నేను ఆపరేషన్ వెనక్కి జరుపుతానని నీకెవరు చెప్పారు? నన్ను అడిగావా? నాకు బతకాలని ఉందిరా. ఆ తేదీ నేను ఒక్క పూట కూడా జరిపేదాన్ని కాదు. ఈ మాట జూలైలో రాస్తే చెప్పి ఉండేదాన్ని. నీ ప్రోగ్రాం సీడీ వచ్చిన రోజే ఆ పోస్టు చెయ్యని ఉత్తరం కూడా వచ్చి ఉంటే, అప్పటికి నా దగ్గర ఇంకా పది గంటల గొంతు ఉంది. ఆ మూల కూర్చుని ఒక గంట ఏడ్చి, మర్నాటి నుంచి భుజం, మోచెయ్యి, వెన్ను, తుంటి, మోకాలు మళ్ళీ చదివేదాన్ని. ఐదు పాఠాలు, పది గంటలు. ప్రాక్టికల్ పరీక్షలో అడిగేవి ఎక్కువగా ఆ ఐదే. ఉత్త పాఠాలు కొత్తమ్మాయికి ఇచ్చేసేదాన్ని, పాపం అడిగింది కూడా. దానికి బదులు అన్నీ ఉన్నాయన్న నీ మాట నమ్మి, తువ్వాళ్ళు ఎలా ఉతకాలో చదివాను. వేడినీళ్ళలో ఎంతసేపు నానబెట్టాలో నిదానంగా, స్పష్టంగా, ఎవరికీ అనుమానం రాకుండా చదివాను. నా ఆఖరి గంట దానికి పోయింది. ఆ పాఠం చక్కగా సేవ్ అయ్యింది.

నన్ను కాపాడాననుకున్నావు. నేను ఎలాగూ బతికేదాన్నే. నీ అబద్ధం కాపాడింది ఎవరినీ కాదు.

రాసిపెట్టమన్నావు. రాశాను. భుజం పాఠానికి పదకొండు పేజీలు రాసి కొత్తమ్మాయి చేత చదివించాను. బాగానే చదివింది. బడిలో ఆరుగురు విన్నారు, ఒక్కరికీ ఆ ఎముక చివర దొరకలేదు. రాసేటప్పుడు నా చెయ్యి కలం పట్టుకుని ఉంటుంది, భుజం మీద ఉండదు. రెండూ చేసి చూశాను, మాట రావడం లేదు. నువ్వొచ్చి చదివినా అంతే, ఉద్యోగం మానకు.

మొన్న మధ్యాహ్నం బస్సాయన దారి అడుక్కుంటూ ఇంటికొచ్చాడు. మీ బావ కొట్లో ఉన్నారు, ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపు తీసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాను. రికార్డింగ్ లేదని లైబ్రేరియన్ చెప్పాడట. డిసెంబరు గురించి ఏమీ అనలేదు. ఏదో ఒక్కటైనా చూపించండమ్మా అన్నాడు. ఆయన వేలు పట్టుకుని ఆయన మెడ పక్కనే పెట్టాను. మెల్లగా జరిపాను. గట్టు తగిలింది, చివరిదాకా తీసుకెళ్ళి ఆపాను. దొరికిందమ్మా అన్నాడు. మొహం వెలిగిపోయింది. నాకూ ఆ క్షణం అంతా మర్చిపోయినట్టయింది. దీన్ని పుస్తకంలో ఏమంటారమ్మా అని అడిగాడు. నేను గబగబా లోపలికెళ్ళి పలక తెచ్చి, పెద్ద అక్షరాలతో ఆ పేరు రాసి, ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను.

నిలబడ్డాక తెలిసింది ఏం చేస్తున్నానో. భుజం తట్టచ్చు, తట్టి ఏం చెప్పను? ఆయన వేలు ఇంకా ఆ ఎముక చివరనే పెట్టుకుని, జవాబు కోసం మొహం నా వైపు ఎత్తి ఎదురుచూశాడు. తర్వాత, అమ్మా ఉన్నారా, అన్నాడు. ఇంకోసారి కూడా అడిగి, కర్ర వెతుక్కుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

అక్క